రన్: ఒక్క మాట, 645 పనులు

ఇంగ్లీషు చదువు మొదలుపెట్టిన పిల్లవాడికి తొలి వారాల్లోనే ఎదురయ్యే క్రియల్లో రన్ ఒకటి. పరుగెత్తు అని ఒక్క ముక్కలో అర్థం చెప్పేసి పంతులుగారు తర్వాతి మాటకు వెళ్లిపోతారు. పిల్లవాడు కూడా ఆ మాట తనకు వచ్చేసిందనే అనుకుంటాడు. అదే మాట మీద ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిలివర్ తొమ్మిది నెలలు పనిచేశాడు. 2011లో బయటికొచ్చిన లెక్క ప్రకారం రన్ అనే క్రియకు 645 అర్థాలు తేలాయి. నామవాచకంగా దానికున్న అర్థాలు ఇందులో కలపలేదు. అంతకుముందు ఈ విషయంలో పేరుమోసిన మాట సెట్. 1989 నాటి రెండో కూర్పులో సెట్ క్రియకు 430 దాకా అర్థాలు ఇచ్చారు, వాటిని వివరించడానికి సుమారు 60,000 పదాలు పట్టాయి. ఒక మోస్తరు నవలంత అన్నమాట. నిఘంటువులో ఎక్కువ చోటు ఆక్రమించేవి పండితులు వాడే పొడుగాటి మాటలని అనుకుంటాం గానీ వ్యవహారం తలకిందులుగా ఉంది. రన్, సెట్, పుట్, గో, టేక్, గెట్ లాంటి పొట్టి మాటలే పుటల కొద్దీ ఆక్రమిస్తాయి. ఫొటోసింథసిస్‌కు నాలుగు పంక్తులు చాలు.

ఇది చూసి భాష గందరగోళంగా పెరిగిందని కొందరంటారు. మాటలు చాలక ఉన్నదాన్నే అరగదీశారని మరికొందరు. రెండో మాట నిలవదు, ఎందుకంటే అదే నిఘంటువులో లక్షల పదాలున్నాయి, రన్‌కు బదులు వాడదగినవి వాటిలో కొల్లలు. మరి అన్ని మాటలు చేతిలో ఉండగా జనం ఈ ఒక్కదాని మీదే ఇంత బరువు ఎందుకు వేశారు? ఒక మాటకు అర్థాలు పెరగడం లోపం కాదనీ, పరిమితమైన జ్ఞాపకంతో అంతులేని ప్రపంచాన్ని అందుకోవడానికి మనిషి బుద్ధి కనిపెట్టిన పొదుపు పద్ధతి అనీ ఈ అధ్యాయంలో వాదిస్తాను. దీని మీద వచ్చే అభ్యంతరాల్లో రెండు గట్టివి, ఒకటి మరీ గట్టిది. వాటి దగ్గరికి వెళ్లేముందు ఈ అర్థాలు ఎలా పుట్టాయో చూడాలి.

రన్‌కు మూలమైన పాత ఇంగ్లీషు రూపాలు ఇర్నన్, రిన్నన్. వైకింగులతో వచ్చిన నార్స్ భాషలోని జ్ఞాతి పదాలు కూడా వీటితో కలిసిపోయాయి. దీనికి చుట్టమైన జర్మన్ మాట రిన్నెన్ నేటికీ నీళ్లు కారడాన్నీ పారడాన్నీ చెబుతుంది. కాబట్టి కాళ్లతో పరుగెత్తడం అసలు అర్థం, నది పారడం దాని మీద కట్టిన అలంకారం అని తేల్చేయడానికి వీల్లేదు. మొదటినుంచీ ఈ మాటలో ఆ రెండూ ఉన్నాయి. ఆగకుండా ఒక దిక్కుగా సాగడం అనే భావం ఒకటి దొరికాక మిగతావి దాని వెంట వచ్చాయి. నీరు పారుతుంది, ముక్కు కారుతుంది, తడి గుడ్డ మీది రంగు పక్క బట్టకు దిగుతుంది. ఇంగ్లీషులో ఇవన్నీ రన్నే. దారి ఊరి మీదుగా పోతుంది, గోడ పొలం పొడవునా సాగుతుంది. ఇక్కడ కదిలేది దారీ కాదు, గోడా కాదు, వాటి వెంట పోయే మన చూపు. అయినా క్రియ అదే. కౌలు ఒప్పందం మూడేళ్లు అమల్లో ఉంటుంది, నాటకం వంద రాత్రులు ఆడుతుంది. ఇక్కడ సాగేది కాలం. తర్వాత యంత్రాలొచ్చాయి. మర, గడియారం, ఆవిరి ఇంజిన్, రైలు, చివరికి కంప్యూటర్ ప్రోగ్రాం, అన్నీ రన్ అవుతాయి. ఈ మాట ఇంతగా విస్తరించడానికి యంత్రయుగమే ప్రధాన కారణమని నిఘంటువు చరిత్ర రాసిన సైమన్ వించెస్టర్ అభిప్రాయం. అది నిజమే అయ్యుండాలి, ఎందుకంటే యంత్రంతోనే ఇంకో మెలిక వచ్చింది. యంత్రం నడుస్తుంది, దాన్ని ఎవరో ఒకరు నడుపుతారు. నడిపేది యంత్రాన్నే కానక్కర్లేదు, హోటలు కావచ్చు, పత్రిక కావచ్చు, ప్రభుత్వం కావచ్చు.

క్రికెట్ రన్ వీటన్నిటికంటే ముచ్చటైనది, పైగా మనవాళ్లకు బాగా తెలిసినది. 18వ శతాబ్దంలో పరుగుల లెక్కను కర్ర మీద గాటు పెట్టి ఉంచుకునేవారు, అందుకే అప్పటి లెక్కల్లో పరుగును నాచ్ అనేవారు, అంటే గాటు. తర్వాత గాటు పోయి పరుగు నిలిచింది. ఇద్దరు బ్యాటర్లు వికెట్ల మధ్య పరుగెత్తి చోటు మార్చుకుంటే ఒక పరుగు అన్నంతవరకు పేరూ పనీ ఒకటే. బంతి హద్దు దాటితే మాత్రం ఎవరూ అడుగు కదపకుండానే నాలుగు పరుగులొస్తాయి, గాల్లో దాటితే ఆరు. వైడ్‌కు కూడా ఒక పరుగు. పరుగెత్తని పరుగు అని ఎవరైనా తప్పుపట్టారా? మాట తన పుట్టుకతో తెగతెంపులు చేసుకుని లెక్కలో ఒక ప్రమాణంగా మారిపోయింది. తెలుగులో కూడా పరుగులు సాధించాడు, పరుగుల వరద అని రాస్తూ ఆ తెగిపోయిన అర్థాన్ని మనమూ తీసుకున్నాం. ఇంజిన్ రన్నింగులో ఉంది, ట్రయల్ రన్ వేశారు, రన్నింగ్ బస్సు ఎక్కొద్దు, రన్నింగ్ నోట్స్ రాసుకో అని ఇంగ్లీషు రానివాళ్లు కూడా వేర్వేరు అర్థాల్లో వాడుతూనే ఉన్నారు. ఎవరికీ ఎక్కడా తికమక కలగదు.

ఇన్ని అర్థాలకూ ఉమ్మడిగా ఉండే గుణం ఒకటి వెతికితే దొరకదు. మేజోడులో పోగు జారి పొడవునా చీలడం కూడా అమెరికాలో రన్నే. దానికీ కంపెనీ నడపడానికీ పోలిక ఏమీ లేదు. అయితే మేజోడు చీలిక పాకడానికీ నీటిబొట్టు జారడానికీ పోలిక ఉంది, నీరు జారడానికీ వాగు పారడానికీ ఉంది, వాగు పారడానికీ మర తిరగడానికీ, మర తిరగడానికీ దాన్ని తిప్పడానికీ ఉంది. పక్కపక్కనున్నవి చేయి కలుపుతాయి, రెండు చివరలకూ ముఖపరిచయం లేదు. ఆట అనే మాటను తీసుకుని ఆటలన్నిటికీ ఉమ్మడి లక్షణం లేదని, ఉన్నది ఒక కుటుంబంలో కనిపించే పోలికలేనని విట్‌గెన్‌స్టైన్ చెప్పింది ఇదే. ఆయనది తత్వవేత్త పరిశీలన. 2018లో క్రిస్టియన్ రమీరో, మహేశ్ శ్రీనివాసన్, బార్బరా మాల్ట్, యాంగ్ షూ దీన్ని లెక్కకట్టి చూశారు. వెయ్యేళ్ల ఇంగ్లీషు పదాల చారిత్రక కోశాన్ని ముందుపెట్టుకుని, కొత్త అర్థాలు ఏ వరసలో పుట్టి ఉంటాయో ఊహించే పద్ధతులు కొన్ని పోల్చారు. కొత్త అర్థం అప్పటికే ఉన్న అర్థాల్లో తనకు అతి దగ్గరిదాన్ని పట్టుకుని పుడుతుందనే పద్ధతి మిగతావాటికంటే చరిత్రకు బాగా సరిపోయింది. అలా పుట్టిన అర్థాన్ని పట్టుకోవడం వినేవాడికి కూడా తేలిక. అర్థాల పెరుగుదలలో ఒక క్రమం ఉందనడానికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం ఇది.

ఇంకో సాక్ష్యం ఇంగ్లీషు బయట ఉంది. పని చేయడం, సవ్యంగా సాగడం అనే అర్థానికి చాలా భాషలు కదలికనే ఎంచుకున్నాయి. జర్మన్‌లో మోటారు లాఫెన్ చేస్తుంది, అంటే పరుగెత్తుతుంది. ఫ్రెంచివాళ్ల గడియారం మార్షే అంటూ నడుస్తుంది. హిందీలో దుకాణం, బండి, సినిమా అన్నీ చల్నా. తెలుగులో బండి నడుస్తుంది, బడి నడుస్తుంది, సంసారం నడుస్తుంది. సినిమా మాత్రం ఆడుతుంది. ఈ ఆడు అనే క్రియ మన రన్. ఊపిరి ఆడుతుంది, గానుగ ఆడుతుంది, పిండి ఆడిస్తాం, నాటకం ఆడతాం, మాటాడతాం, అబద్ధమాడతాం, కంగారు పుడితే కాళ్లూ చేతులూ ఆడవు. పిల్లలు ఆడుకోవడం ఈ జాబితాలో ఒక మూల. మన వాడుకలు ఇంగ్లీషు ప్రభావంతో పుట్టి ఉండవచ్చు కదా అని సందేహం రావచ్చు. కంపెనీ నడపడం అనే మాటకు అది కొంతవరకు నిజం కావచ్చు. గానుగ ఆడడం, ఊపిరాడకపోవడం మాత్రం ఇంగ్లీషు దగ్గర అరువు తెచ్చుకోవాల్సిన అవసరం మనకు లేదు. సంబంధం లేని భాషలు ఒకే దారి తొక్కాయంటే ఆ దారి భాషలో కాదు, మనుషుల ఆలోచనలో ఉంది.

దారి ఒకటే అయినా వేసే అడుగు ఏ భాషకు ఆ భాషదే. అమెరికాలో ఎన్నికల అభ్యర్థి పరుగెత్తుతాడు, బ్రిటన్‌లో అభ్యర్థి నిలబడతాడు. ఒకే భాష, ఒకే పని, క్రియలు మాత్రం ఎదురెదురు. మనవాళ్లు కూడా సర్పంచిగా నిలబడ్డాడనే అంటారు. చార్లెస్ రూల్ అనే భాషావేత్త 1989లో ఒక పుస్తకం రాసి, ఇన్ని అర్థాలున్నట్టు కనబడడం భ్రమ అనీ, ప్రతి మాటకూ లోపల ఒకే ఒక విశాలమైన అర్థం ఉంటుందనీ, మిగతాదంతా సందర్భం సమకూర్చేదేననీ వాదించాడు. ఆ వాదనలో సగం నాకు నచ్చుతుంది, సందర్భం పాత్ర గురించిన సగం. రెండో సగం ఈ ఎన్నికల దగ్గరే తడబడుతుంది. రన్‌కు ఎంత విశాలమైన అర్థం ఊహించినా, అమెరికన్ అభ్యర్థి పరుగెత్తడం, బ్రిటిష్ అభ్యర్థి నిలబడడం అందులోంచి రాబట్టలేం. ఇవి ఎవరో ఒకరు మొదలుపెట్టి జనం ఒప్పుకుంటే స్థిరపడ్డ వాడుకలు, ఒక్కొక్కటిగా నేర్చుకోవాల్సిందే. మూలభావం ఒక్కటే చాలేటట్లయితే గిలివర్‌కు తొమ్మిది నెలలు అక్కర్లేదు.

అర్థాలు పొట్టి మాటల దగ్గరే ఎందుకు పోగవుతాయి? హార్వర్డ్‌లో పనిచేసిన జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ 1945లో దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. మాట ఎంత తరచుగా వాడుకలోకి వస్తుందో ఆ సంఖ్యకు వర్గమూలం ఎంతో, అర్థాల సంఖ్య దాదాపు ఆ నిష్పత్తిలో ఉంటుంది. ఒక మాట మరోదానికంటే 100 రెట్లు ఎక్కువ వాడితే దానికి సుమారు 10 రెట్లు ఎక్కువ అర్థాలుంటాయన్నమాట. మాట్లాడేవాడికీ వినేవాడికీ మధ్య జరిగే బేరం ఇందుకు కారణమని జిఫ్ ఊహ. మాట్లాడేవాడిని వదిలేస్తే ఒకే మాటతో లోకమంతా చెప్పేస్తాడు, వెతుక్కోవాల్సిన శ్రమ ఉండదు. వినేవాడిని వదిలేస్తే ప్రతి అర్థానికీ వేరే మాట కావాలంటాడు, ఊహించాల్సిన శ్రమ ఉండదు. భాష ఈ ఇద్దరి మధ్య ఎక్కడో కుదురుకుంటుంది. 2012లో స్టీవెన్ పియాంటడోసీ, హ్యారీ టైలీ, ఎడ్వర్డ్ గిబ్సన్ ఈ బేరాన్ని ఇంకాస్త నిక్కచ్చిగా పరిశీలించారు. ఇంగ్లీషు, జర్మన్, డచ్ భాషల్లో పొట్టిగా ఉండి, తరచుగా వాడబడి, నోటికి సులువుగా తిరిగే మాటలకే ఎక్కువ అర్థాలున్నాయని చూపారు. వాళ్ల తర్కం సూటిగా ఉంటుంది. ఏ అర్థమో సందర్భమే చెప్పేస్తున్నప్పుడు అదే సమాచారాన్ని మాట కూడా మోయడం దండగ. పలకడానికి ఖర్చు ఎక్కువ, ఊహించడానికి ఖర్చు తక్కువ. కాబట్టి చవకైన మాటలనే మళ్లీమళ్లీ వాడుకోవడం లాభం.

మొదటి అభ్యంతరం లెక్కకు సంబంధించినది. 645 అనేది నిఘంటుకారుడి కత్తెరకు పుట్టిన అంకె తప్ప భాషలో ఉన్న అంకె కాదని అనవచ్చు. నిజమే, జేబు నిఘంటువులో అదే రన్‌కు ఇరవై ముప్పై అర్థాలకు మించవు. ఆడమ్ కిల్గారిఫ్ అనే నిఘంటు శాస్త్రజ్ఞుడు 1997లో, విడివిడి అర్థాలనేవి ఉన్నాయని తాను నమ్మనని వ్యాసం శీర్షికలోనే ప్రకటించాడు. ఉన్నవి ప్రయోగాలు, వాటిని కుప్పలుగా పోసేది మనం అని ఆయన అభిప్రాయం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ ఆధ్వర్యంలో తయారైన వర్డ్‌నెట్ కోశాన్ని వాడిన వారి అనుభవం కూడా ఇలాగే ఉంది. ఒకే వాక్యంలోని మాటకు కోశంలోని ఏ అర్థం వర్తిస్తుందో గుర్తించమని ఇద్దరు చదువుకున్న వాళ్లను అడిగితే, సన్నని తేడాలున్న చోట నూటికి డెబ్బై దరిదాపుల్లోనే ఏకీభవిస్తారు. అర్థాల మధ్య గట్లు అంత స్పష్టంగా లేవు.

ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటే నా వాదనకు నష్టం లేదు, బలమే. అర్థాలు పెట్టెల్లో పెట్టినట్టు విడివిడిగా ఉంటే వాటిలోంచి ఒకటి వెతికి తీయడం బరువు. ఒకదానిలోకి ఒకటి ఒరిగి ఉంటే బరువు తగ్గాలి. ఇది పరీక్షించి చూడదగిన ఊహ, పరీక్షించారు కూడా. జెన్నీ రాడ్, గారెత్ గాస్కెల్, విలియం మార్స్లెన్-విల్సన్ 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెర మీద కనబడే అక్షరాల వరస ఇంగ్లీషు మాటేనా కాదా అని మనుషులు ఎంత వేగంగా చెప్పగలరో కొలిచారు. బార్క్ లాంటి మాటలు ఒక రకం. కుక్క మొరుగుడూ బార్కే, చెట్టు బెరడూ బార్కే, రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ట్విస్ట్ లాంటివి ఇంకో రకం. మెలిపెట్టడం, చీలమండ మెలిక పడడం, మాటను వంకర తిప్పడం, అన్నీ ఒకదానికొకటి చుట్టాలు. సంబంధం లేని అర్థాలున్న మాటల్ని గుర్తించడం ఆలస్యమైంది. చుట్టరికమున్న అర్థాలు ఎక్కువగా ఉన్న మాటల్ని గుర్తించడం త్వరగా జరిగింది. అంటే ఒకే రూపం కింద బంధుత్వం లేని అర్థాలు చేరితే మెదడుకు ఖర్చు, బంధువులు చేరితే ఆదా. రన్ రెండో జాతిది. మిచెల్ బ్రెయాల్ అనే ఫ్రెంచి పండితుడు 1897లో ఈ బహ్వర్థ లక్షణానికి పాలిసెమీ అని పేరు పెట్టి, నాగరికత ముందుకు పోయే కొద్దీ మాటలకు అర్థాలు కూడతాయన్నాడు. అప్పట్లో ఆయన దగ్గర ప్రయోగశాల లేదు, చెప్పింది మాత్రం సరైన దిక్కుగానే చెప్పాడు.

రెండో అభ్యంతరం వినేవాడి పక్షాన వస్తుంది. ఇన్ని అర్థాల్లోంచి సరైనదాన్ని ప్రతిసారీ ఏరుకోవాలంటే మెదడు అలసిపోదా? డేవిడ్ స్విన్నీ 1979లో చేసిన ప్రయోగం దీనికి ఆశ్చర్యకరమైన జవాబిచ్చింది. బగ్ అంటే పురుగు, రహస్యంగా మాటలు వినే పరికరం కూడా. గదిలో సాలీళ్లూ బొద్దింకలూ ఇంకా ఇతర బగ్గులూ కనిపించాయని ఒక వాక్యం వినిపించి, బగ్ అన్న మాట చెవినపడగానే తెర మీద ఒక పదం చూపారు. చీమ అనే పదానికి స్పందన వేగంగా వచ్చింది, అందులో వింత లేదు. గూఢచారి అనే పదానికి కూడా వేగంగానే వచ్చింది, వాక్యమంతా పురుగుల గురించే అయినా. మరో మూడు అక్షరాల వ్యవధి గడిచాక చూపిస్తే గూఢచారి జాడ లేదు, చీమ ఒక్కటే మిగిలింది. మెదడు ముందు అర్థాలన్నిటినీ తలుపు తీసి రానిచ్చి, సెకనులో కొద్ది భాగం గడిచేసరికి పనికిరానివాటిని సాగనంపుతుంది. మనకు తెలిసేది మిగిలినదొక్కటే. అందుకే రన్‌కు 645 అర్థాలున్నాయన్న సంగతి నిఘంటువు చెప్పేదాకా ఆ భాష మాట్లాడేవాళ్లకు కూడా తోచదు.

సరైనదాన్ని నిలబెట్టేవి చుట్టూ ఉన్న మాటలు. ఈ సంగతి మన వైయాకరణులకు కొత్త కాదు. 5వ శతాబ్దం వాడని పండితులు అంచనా వేసే భర్తృహరి వాక్యపదీయం రెండో కాండలో, అనేకార్థాలున్న శబ్దానికి ఒక అర్థాన్ని ఖాయం చేసే హేతువులను వరసగా పేర్కొన్నాడు. సంసర్గం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రయోజనం, ప్రకరణం, ఔచిత్యం, దేశం, కాలం, స్వరం ఇలా సాగుతుంది ఆ జాబితా. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, ఇంద్రుడు, ఇంకా చాలా. శంఖచక్రాలతో ఉన్న హరి అంటే విష్ణువు ఒక్కడే. రామలక్ష్మణులు అంటే దశరథ పుత్రుడు, రామార్జునులు అంటే మాత్రం కార్తవీర్యార్జునుడి శత్రువైన పరశురాముడు అని తర్వాతి ఆలంకారికులు ఉదాహరణలు చేర్చారు. సైంధవం తెమ్మని భోజనం దగ్గర అంటే ఉప్పు, ప్రయాణానికి లేచి అంటే గుర్రం. రన్‌కు ఈ హేతువులు అచ్చంగా అతుకుతాయి. పక్కన ముక్కు ఉంటే జలుబు, బ్యాంకు ఉంటే డిపాజిట్లు వెనక్కి తీసుకోవాలని ఎగబడ్డ జనం, వికెట్ ఉంటే లెక్క. అర్థం మాటలో సగమే ఉంటుంది, మిగతా సగం ఇరుగుపొరుగు మాటల్లో ఉంటుంది. ఈ మాట పాశ్చాత్య భాషాశాస్త్రంలో జె. ఆర్. ఫర్త్ 1957లో చెప్పినప్పటినుంచి బాగా ప్రచారమైంది.

భాషను చదివే యంత్రాల చరిత్ర కూడా దీన్నే రుజువు చేసింది. 1960లో యెహోషువా బార్-హిల్లెల్ అనే తార్కికుడు, పెట్టె పెన్‌లో ఉంది అనే వాక్యాన్ని చూపి, ఇక్కడ పెన్ అంటే కలం కాదు, పిల్లలు ఆడుకునే చిన్న కంచె అని తెలుసుకోవడం ఏ యంత్రానికీ సాధ్యం కాదన్నాడు. కలం పెట్టెకంటే చిన్నదనే లోకజ్ఞానం యంత్రానికి ఎక్కడిది అని ఆయన ప్రశ్న. చాలాకాలం ఆయన మాటే నెగ్గింది. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ పద్ధతి కూడా ఒక మాట రూపానికి ఒకే అంకెల వరస ఇచ్చేది. బ్యాంకు గట్టైనా డబ్బు దాచే చోటైనా దానికి ఒకటే, రెండింటి సగటు. 2018లో గూగుల్ విడుదల చేసిన బెర్ట్ అనే పద్ధతి ప్రతి వాక్యంలోనూ ఇరుగుపొరుగును బట్టి మాటకు వేరే వరస లెక్కకట్టింది. యంత్రాలు దారిలో పడింది అర్థాల పట్టిక బట్టీపట్టి కాదు, పొరుగు మాటల్ని పట్టించుకున్నాకే.

ఇక మూడో అభ్యంతరం, అన్నిటికంటే గట్టిది. సందర్భం ఎప్పుడూ సాయపడుతుందన్న హామీ ఏదీ లేదు, ముఖ్యంగా న్యాయస్థానంలో. అమెరికా చట్టంలో ఒక నిబంధన ఉంది. మాదకద్రవ్యాల నేరం చేస్తూ తుపాకీని యూజ్ చేస్తే, అంటే ఉపయోగిస్తే, అదనపు శిక్ష. జాన్ ఆంగస్ స్మిత్ అనే వ్యక్తి తుపాకీ ఇచ్చి బదులుగా కొకెయిన్ పుచ్చుకోబోయాడు. తుపాకీని సరుకుగా మార్చుకోవడం ఉపయోగించడమే అవుతుందా? 1993లో సుప్రీంకోర్టు అవుతుందని 6-3 తేడాతో తీర్పిచ్చింది. మెజారిటీ తరఫున జస్టిస్ సాండ్రా డే ఒకానర్ రాశారు. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా, మీరు చేతికర్ర ఉపయోగిస్తారా అని ఎవరైనా అడిగితే దాంతో నడుస్తారా అనే కదా అర్థం, తాతగారి వెండిపిడి కర్రను హాల్లో అలంకారంగా పెట్టుకున్నారా అని కాదు కదా అని ఎత్తిచూపారు. భాష తెలిసినవాడిగా నా ఓటు స్కాలియాకే. ఐదేళ్ల తర్వాత 1998లో క్యారీ అనే మరో చిన్న మాట అదే కోర్టు ముందుకు వచ్చింది. కారులో తాళం వేసిన అరలో ఉన్న తుపాకీని మనిషి క్యారీ చేస్తున్నట్టేనా అన్నది ప్రశ్న. ఈసారి 5-4తో అవునన్నారు. మనిషి జీవితంలో ఏళ్లకు ఏళ్లు ఇలా చిన్న చిన్న క్రియల మీద ఆధారపడడం చూస్తే, మాటకు ఒకే అర్థం ఉండాలన్న కోరిక న్యాయంగానే కనబడుతుంది.

ఆ కోరిక తీర్చబోయినవాళ్లున్నారు. జాన్ విల్కిన్స్ అనే ఆంగ్లేయ మతాచార్యుడు, రాయల్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకడు, 1668లో ప్రచురించిన బృహద్గ్రంథంలో లోకంలోని వస్తువులన్నిటినీ వర్గీకరించి ఒక్కోదానికి ఒక్కో చిహ్నం చొప్పున సందేహానికి తావులేని తాత్విక భాష నిర్మించాడు. అది ఎవరి వాడుకలోకీ రాలేదు. వాడాలంటే ముందు ఆ వర్గీకరణంతా నోటికి రావాలి. కొత్త వస్తువు ఒకటి పుడితే పట్టికలో దానికి చోటు తేల్చేదాకా మాట్లాడడానికి వీల్లేదు. రైలు వచ్చినప్పుడు రన్ అనే పాత మాటను దాని కిందికి తోసేసి ఇంగ్లీషు జనం ముందుకు పోయారు, ఎవరి అనుమతీ అడగలేదు. చట్టం, వైద్యం, వాణిజ్యం తమ మాటలకు హద్దులు గీసుకోవడం తప్పనిసరి. 1995లో యూజ్ అనే మాటను అదే కోర్టు ఇంకో కేసులో ఏకగ్రీవంగా కుదించింది కూడా. అయితే అది ప్రత్యేక అవసరం. న్యాయస్థానంలో ఎదుటి పక్షం అర్థం చేసుకోవడానికి కాదు, వేరే అర్థం లాగడానికి కూర్చుంటుంది. మామూలు సంభాషణలో వినేవాడు మనతో సహకరిస్తాడు. సహకరించని శ్రోత కోసం భాషంతా తిరగరాయాలనడం, దొంగలున్నారని ఊరందరికీ తలుపులు వద్దనడం లాంటిది.

ఈ చర్చ తెలుగువాళ్లకు రెండు చోట్ల పనికొస్తుంది. మొదటిది ఇంగ్లీషు నేర్పే తీరు. మన పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు కఠిన పదాల జాబితాలు బట్టీ పట్టిస్తాయి. అవి పట్టినవాడు సంపాదకీయం చదవగలడు, కానీ ఇంట్లో పాలు రన్ అవుట్ అయ్యాయంటే, స్నేహితుడు ఎదురుపడడాన్ని రన్ ఇంటూ అంటే, రన్ డౌన్ అయిన ఇల్లు అంటే తెల్లమొహం వేస్తాడు. కఠిన పదానికి ఒక అర్థం, ఒకసారి నేర్చుకుంటే తీరిపోతుంది. చిన్న మాటను దాని పొరుగువాళ్లతో సహా, వాక్యాల్లో, ఏళ్ల తరబడి నేర్చుకోవాలి. పరీక్షలో కొలవడానికి అనుకూలం కాదు కాబట్టే దాన్ని పక్కన పెట్టేశాం.

రెండోది మన నిఘంటువుల సంగతి. రన్ గురించి పైన చెప్పినవన్నీ చెప్పగలిగింది, ఒక్కో అర్థం ఏ సంవత్సరంలో ఏ పుస్తకంలో మొదట కనబడిందో ఉదాహరణలతో నమోదు చేసే ఆక్స్‌ఫర్డ్ సంప్రదాయం వల్ల. 1884లో మొదటి భాగం వెలువడినప్పటినుంచి ఆ పద్ధతి ఆగలేదు. మనకు బ్రౌన్ నిఘంటువు, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, భద్రిరాజు కృష్ణమూర్తి మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశాలు ఉన్నాయి. దేని విలువ దానిదే. అయినా ఒక మాట అర్థాలను కాలక్రమంలో తేదీలతో పేర్చి చూపడం వాటి ఉద్దేశం కాదు. గానుగ ఆడడం ముందా, మాటాడడం ముందా, సినిమా ఆడడానికి నాటకం ఆడడం ఎప్పుడు దారి వేసింది, వీటికి జవాబులు శాసనాల్లో, కావ్యాల్లో, పాత పత్రికల్లో ఉన్నాయి. 6వ శతాబ్దం నుంచి శాసనాలున్న భాష మనది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తెలుగుకు చారిత్రక నిఘంటువు పని చేపట్టాలి. అన్ని మాటలూ ఒకేసారి అక్కర్లేదు, ఆడు అనే ఒక్క క్రియతో మొదలుపెట్టండి.